లీటరున్నర ఎర్ర ఆయిల్

డిటెక్టివ్ కుర్చీ చూపించినా మెకానిక్ కూర్చోలేదు.

"నా కొంప మునిగిందండీ! నేను బిగించిన గేరుబాక్సు వారం తిరక్కుండా మాడిపోయింది. లోపల పాత క్లచ్ ప్లేట్లు వేసి మోసం చేశానని సాయంత్రం పోలీసులకు ఫిర్యాదు ఇస్తారట. కేసు పడిందంటే నా షెడ్డు మూతపడ్డట్టే."

డిటెక్టివ్ అసిస్టెంటు, స్వయానా ఆయన మేనకోడలు, నోటుబుక్ తెరిచింది. మావయ్య ప్రశ్నలు మొదలుపెడితే ఆమెకు ఆకలి కూడా గుర్తుండదు.

"ఎవరి కారు?" అడిగాడు డిటెక్టివ్.

"ఒక నర్సమ్మదండీ. జోరుగా పోయే బండంటే ప్రాణం. రెండేళ్ళ కిందట యాక్సిడెంటులో ఎడమ మోకాలు దెబ్బతింది, క్లచ్ తొక్కలేదు. అందుకే ఆటోమేటిక్ పెట్టమంది. ఆ ఇంజిన్ బలానికి తట్టుకునే గేరుబాక్సు వెతికి, ఇంజిన్ బలాన్ని దానికి అందించే కన్వర్టరు కూడా రోజూ రోడ్డు మీద తిరగడానికి సరిపడేది కుదిర్చాను. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ నేనే కొలత స్టిక్ మీది గీత దాకా పోశాను. ఇప్పుడు విప్పి చూస్తే లీటరున్నర తక్కువ! కారిన జాడ కూడా లేదు."

నర్సు ఇంట్లో తలుపు తీసింది ఆమె తండ్రి. లారీ నడిపి రిటైరైన మనిషి. మెకానిక్ మాట ఎత్తగానే విరుచుకుపడ్డాడు.

"ఎడమకాలికి పనిలేని బండీ ఒక బండేనా? వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పైగా ఆ దొంగ నా కూతుర్ని ముంచాడు!"

"కారు ఎవరు చూసుకుంటారు?"

"నేనే. తెల్లారి అమ్మాయి లేవకముందే తుడిచి, నీళ్ళూ ఆయిలూ చూసి పెడతాను. నలభై ఏళ్ళ అలవాటు." ఆ మాట అని ఎందుకో తల తిప్పుకున్నాడు.

ఆ ఇంటి కారు షెడ్డులో అరమీద ఒక పెద్ద సీసా ఉంది. నిండా ఎర్రటి ఆయిల్, గట్టిగా బిగించిన మూత. డిటెక్టివ్ మూత తీసి వాసన చూశాడు. మాడు వాసన లేదు.

బయటికి రాగానే మేనకోడలు ఆగలేకపోయింది. "పెద్దాయనే, మావయ్యా! ఆటోమేటిక్ అంటే ఒళ్ళుమంట. కావాలనే తీసేశాడు."

"తీసింది ఆయనే. కానీ పాడుచెయ్యాలనుకున్నవాడు సీసాలో పోసి దాచుకుంటాడా, చెప్పు?"

ఆమె నోటుబుక్‌లో రాసింది కొట్టేసింది.

మధ్యాహ్నం నర్సు, ఆమె తండ్రితో సహా అందరూ మెకానిక్ షెడ్డులో చేరారు. అక్కడ రిపేరు ముగిసిన మరో ఆటోమేటిక్ కారు ఉంది.

"పెద్దాయనా, దీని గేరుబాక్సులో ఆయిల్ చూసి చెప్పండి."

ఆయన చకచకా బానెట్ ఎత్తి, స్టిక్ లాగి తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. "గీత కంటే వేలెడు ఎక్కువుంది. ఇక్కడా అదే నిర్వాకం!"

డిటెక్టివ్ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. అది బాగా వేడెక్కాక అన్నాడు, "ఇప్పుడు చూడండి."

ఆయిల్ సరిగ్గా గీత మీద ఉంది. పెద్దాయన మూడుసార్లు ముంచి చూశాడు.

"ఇంజిన్ ఆగితే పైన తిరిగే ఆయిల్ కిందికి దిగి గీత దాటుతుంది. అందుకే ఈ కొలత ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి," అన్నాడు డిటెక్టివ్. "మీరు ఇంజిన్ ఆయిల్ చూసినట్టే, బండి స్టార్ట్ చెయ్యకముందు చూశారు. ఎక్కువైందనుకుని తోడేశారు. ఆయిల్ చాలక ప్లేట్లు మాడాయి. ఇందులో మోసం లేదు. ఉన్నదల్లా మీ జాగ్రత్తే."

"నాతో ఒక్కమాట అనచ్చుగా, నాన్నా!" అంది నర్సు.

పెద్దాయన చేతిలో స్టిక్ పక్కన పెట్టాడు. "ఏమని చెప్పను తల్లీ? నలభై ఏళ్ళలో బండి చూడనిది ఒక్కరోజే. ఆ రోజే నీ బ్రేకాయిల్ కారిపోయి యాక్సిడెంటైంది. నీ కాలు పాడుచేసింది నేనే."

నర్సు కుంటుకుంటూ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. మేనకోడలు కళ్ళు తుడుచుకుంది, రాయడం మానేసింది.

కాసేపటికి పెద్దాయన జేబులోంచి ఫిర్యాదు కాగితం తీసి మెకానిక్‌కు ఇచ్చాడు. "నలుగురిలో నిన్ను దొంగన్నాను బాబూ. తప్పు నాదేనని ఆ నలుగురికీ నేనే చెప్తాను. దీన్ని నువ్వే చింపెయ్."

మెకానిక్ చింపలేదు. కాగితం వెనక్కి తిప్పి, నర్సు బండికి కొత్తగా తెప్పించాల్సిన ప్లేట్ల కొలతలు రాసుకోవడం మొదలుపెట్టాడు.