రెడ్డెమ్మ రిటైర్మెంట్

పొద్దున్నే బలాలీత్ వండుతుంటే రెడ్డెమ్మ మోకాలు మళ్ళీ మొరాయించింది. గట్టును పట్టుకుని కాసేపు నిలబడి, తియ్యటి సేమియా మీద గుడ్డట్టు పరిచింది. కువైట్‌కు వచ్చిన కొత్తలో ఈ జోడీని చూసి నవ్వొచ్చేది. ఇప్పుడు నవ్వే ఓపిక కూడా లేదు, చేతులే చేసుకుపోతాయి.

"మామా, టిఫిన్ అయింది," అని కేకేసింది.

ఇంటి యజమానురాలు హెస్సాను అలాగే పిలవాలి, ఇక్కడ మామా అంటే అమ్మ. ఈ సంగతి చెబితే రాయచోటిలో వదిన పడీపడీ నవ్వింది. "ఆడమనిషిని పట్టుకొని మామా అంటాండావా? నీకేమన్నా ఎర్రి పట్టిందా?" అని. హెస్సా మామా అయితే, ఆమె తల్లి నూరియా పెద్ద మామా.

హెస్సా హడావుడిగా వంటింట్లోకి వచ్చింది. "ఇవాళ పింఛను కమిటీ డాక్టరమ్మ వస్తుంది. ఆవిడ ఉన్నంతసేపూ నువ్వు ఇక్కడే ఉండు, బయటికి రాకు."

"పెద్ద మామాకి బాత్రూమ్ వస్తే?"

"నేను లేనా? నేను చూసుకుంటా."

నువ్వా, అని నాలుక చివరిదాకా వచ్చిన మాటను రెడ్డెమ్మ మింగేసింది. లేవలేని తల్లిని తానే కనిపెట్టుకుని ఉన్నట్టు కమిటీ నమ్మితే, హెస్సా ఆఫీసు ఉద్యోగం ముందుగానే మానేసి పింఛను తీసుకోవచ్చు. "ఆ కాగితం వస్తే నేను ఇంట్లోనే ఉంటా, నువ్వు ఊరికి వెళ్ళిపోవచ్చు," అని రెండేళ్ళుగా చెబుతోంది. రెడ్డెమ్మ పాస్‌పోర్టు హెస్సా బీరువాలో ఉంది. ఆ కాగితం మీదే రెడ్డెమ్మ ప్రాణమంతా పెట్టుకుంది.

పెద్ద మామా ఒకప్పుడు బడిలో హెడ్‌మిస్ట్రెస్. పని మానేసి ఏళ్ళయినా, ఆమె నిద్రలో ఉన్నా సరే నెల తిరిగేసరికి బ్యాంకులో పింఛను పడుతుంది. మందులకు ఖర్చు లేదు. చక్రాల కుర్చీ కూడా ప్రభుత్వమే ఇచ్చింది. కాఫీకి వచ్చే స్నేహితురాళ్ళు పింఛను పెరుగుతుందా లేదా అని గంటలకొద్దీ వాదించుకుంటారు. వాళ్ళ గిన్నెలు నింపుతూ రెడ్డెమ్మ అనుకునేది, మంచి దేశమే, తన వాళ్ళకి. సొంత ఊళ్ళోనూ తనలాంటి వితంతువులకు ఒకటో తారీఖున పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారట. "నువ్వీడ లేవని నీ పేరే ఎక్కల్యా. ఏలిముద్ర ఎయ్యాలంటే మనిషుండాల గదా," అంది వదిన. అక్కడ లేదు కాబట్టి అక్కడ పేరు లేదు, ఇక్కడున్నా ఇక్కడా లేదు.

డాక్టరమ్మ వచ్చింది. రెడ్డెమ్మ వంటింటి తలుపు వెనకే ఉంది కానీ చెవులు రెండూ హాల్లోనే.

"స్నానం ఎవరు చేయిస్తారమ్మా?"

"బింతి," అంది పెద్ద మామా.

బింతి అంటే నా కూతురు.

"మందులు ఇచ్చేది?"

"బింతే."

"రాత్రిపూట లేవాలంటే?"

"పిలిస్తే వస్తుంది. పిలవకపోయినా వస్తుంది."

హెస్సా మొహం విప్పారింది. డాక్టరమ్మ రాసుకుంటూ, "అదృష్టవంతురాలివి. కూతురంటే ఇలా ఉండాలి," అంది.

"ఏం అదృష్టంలే. ఊరికి పోతానని రెండేళ్ళుగా ఏడుస్తోంది పాపం. హెస్సా పంపదు. నువ్వన్నా చెప్పు తల్లీ, చదువుకున్నదానివి."

రాస్తున్న చెయ్యి ఆగింది. "ఎవరిని పంపదు?"

'రెడ్డెమ్మ' అన్న పేరు పెద్ద మామాకి ఏనాడూ నోరు తిరగలేదు. అక్కడి పెద్దవాళ్ళు తమకంటే చిన్న ఆడవాళ్ళను పిలిచే మాటతోనే ఆమెను పిలిచేది. ఇప్పుడు వంటింటి వైపు తిరిగి, "బింతీ, తొందరగా రా," అంది.

ఆ గొంతు దేనికో రెడ్డెమ్మకు తెలుసు. ఇంకో క్షణం ఆగితే బట్టలు పాడవుతాయి. హెస్సా కళ్ళెర్ర చేస్తున్నా కుంటుకుంటూ వెళ్ళి ముసలామె చంకల కింద చేతులు వేసి లేపింది. డాక్టరమ్మ ఫైలు మూసేసి, "చూసిందే రాస్తాను," అని లేచింది.

పెద్ద మామాను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టేదాకా ఆగి, హెస్సా విరుచుకుపడింది.

"నువ్వే నేర్పావు కదూ? మా ఇంటి తిండి తిని నా కొంపే ముంచావు!"

"నేర్పితే ఇట్లా నేర్పుతానా మామా?" రెడ్డెమ్మ గొంతులో అలసట తప్ప కోపం లేదు. "అన్నీ హెస్సానే చేస్తుందని చెప్పు అనేదాన్ని. నీ కాగితం వస్తేనే కదా నేను పోయేది? నీకంటే ఎక్కువ మునిగింది నేను."

పెద్ద మామా ఇద్దరినీ మార్చి మార్చి చూసి కూతురి వైపు తిరిగింది.

"నేను బడి మానేసిన రోజు కేకు కోశారు, మెడలో గొలుసు వేశారు. నీకు ఇంకా నడుము కూడా వంగలేదు, అప్పుడే పింఛను కావాలి. మరి దీనికెప్పుడే రిటైర్మెంట్?"

"ఆమెది ఉద్యోగమా అమ్మా..." అంటూనే హెస్సా ఆగిపోయింది. తన నోటి వెంట వచ్చిన మాట తనకే మింగుడుపడలేదు. తర్వాత తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చినప్పుడు చేతిలో పాస్‌పోర్టు ఉంది.

"నా కాగితం ఇక రాదు. నువ్వు వెళ్ళు."

రెడ్డెమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది. "మరి పెద్ద మామా?"

"సెలవు పెడతాను. ఎలా లేపాలో, ఎలా పడుకోబెట్టాలో నాకు చూపించి వెళ్ళు." ఆపైన ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగింది. "అక్కడ మీ ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఎవరున్నారు మామా? మా ఆయన పోయాక తాళమేసిన ఇల్లు. పిల్లల్లేరు. వదినవాళ్ళ కాపురం వాళ్ళది."

"మరి ముసలితనంలో నిన్నెవరు చూసుకుంటారు?"

రెడ్డెమ్మ పాస్‌పోర్టును కొంగుతో తుడిచి రొమ్ములో దోపుకుంది.

"నేనే చూసుకుంటా మామా," అంది. "నాకు అలవాటైన పనే కదా."

హెస్సా ఆమె రెండు చేతులూ పట్టుకుని, వాటిలో మొహం దాచుకుని భోరున ఏడ్చింది.