ఆకుపచ్చ ముక్కలు

"ఇంకో వానాకాలం పోనీ అంటన్నాను కదా," అన్నాడు ఉదయ్‌కుమార్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"పోయిన వానాకాలం కూడా ఇదే మాటన్నారు." జ్యోతిర్మయి పళ్లెంలోని ఎరువు అతని ముందు పెట్టింది. నల్లటి మట్టి నిండా ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్కలు. "మట్టిలో కలవడం లేదండీ. చిన్నవైపోతున్నాయంతే."

ద్వారకా నగర్‌లో అతనిది సంచుల షాపు. 'మట్టిలో కలిసిపోయే సంచి' అన్న కంపెనీ మాట నమ్మి, మిగతా సరుకంతా వదిలేసి ఇదొక్కటే పెట్టాడు. ఆ నమ్మకంతోనే కూర్మన్నపాలెంలోని ఇంట్లో కూడా వంటింటి చెత్తను సంచితో సహా పెరట్లోని ఎరువు గుంటలో వేస్తున్నారు. ఆ ఎరువు కోసం సబ్బవరంలో ఆకుకూరలు పండించే గంగాలమ్మ ఇవాళ ఆటో తీసుకుని వస్తోంది. ఇస్తానని మాటిచ్చింది జ్యోతిర్మయే.

"ఆవిడ మళ్లలో ఇది కలిసిపోతే మళ్లీ తీయగలమా?"

"అలాగని సెప్పీమంటావేటి? గోడౌన్ నిండా ఇదే సరుకు. రేపు నా దగ్గర ఎవుడు కొంటాడు? నాకు ఇంకో దారుందేటి?"

"నాకుందా? నోరిప్పితే మన బతుకు పోద్ది. ఇప్పకపోతే ఆవిడ మళ్లు పోతాయి."

వసారాలో పేపరు చదువుతున్న మామగారు నీలకంఠం తలెత్తకుండానే అన్నాడు. "ఒరే, మీయమ్మ పొద్దుట్నుంచీ పెరట్లో ఏటి సేత్తందో సూసేరా?"

ఇద్దరూ వెళ్లారు. నారాయణమ్మ గుంట పక్కన గోనె పరుచుకుని కూర్చుని, ఎరువులోంచి ఒక్కో ముక్కా ఏరుతోంది. కొడుకుని చూడగానే మట్టి చేతులు కొంగు చాటున దాచుకుంది.

"నీ సంచులది తప్పు కాదురా నాయనా. ఇస్తరాకులు సింపి గెత్తం గుంటలో ఏస్తాం కదా, బేగి కుళ్లతాయని. ఇయ్యీ అలాగే సింపి ఏసినాను. మంచి సరుకుని నానే పాడు సేసీసినాను. గంగాలమ్మ వొచ్చీలోగా ఏరీస్తాన్లే."

ఉదయ్‌కుమార్ గోనె మీద కూలబడ్డాడు. తల్లి ఏరినవి గుప్పెడైనా లేవు. గుంట నిండుగా ఉంది. ఆమె దాచుకున్న చేతులు పట్టుకుని బయటికి తీశాడు. గోళ్ల సందుల్లో కూడా అదే ఆకుపచ్చ.

"సింపకపోయినా ఇంతేనమ్మా," అన్నాడు. కళ్లు తుడుచుకోబోతే తన చేతులకూ ఆ మట్టే అంటింది.

వీధిలో ఆటో ఆగిన చప్పుడు. నీలకంఠం పెరటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. జ్యోతిర్మయి కదలలేదు.

ఉదయ్‌కుమార్ లేచి అందరికీ వినబడేలా, నెమ్మదిగా చెప్పాడు.

"గంగాలమ్మకి ఈ గెత్తం ఇవ్వం. ఎందుకో నానే సెప్తాను. షాపులో ఆ సంచి ఇంక అమ్మను."