ముందే పెట్టిన సంతకం

ఆ సోమవారం పొద్దున్నే మారేడ్‌పల్లిలో ప్రైవేట్ డిటెక్టివ్ రాజ్యం గదికి ఆర్నెల్ల పాపను ఎత్తుకుని ఒక యువతి వచ్చింది. గ్లాసెడు నీళ్లు తాగి చెప్పడం మొదలుపెట్టింది.

"నా పేరు ఖుష్నుమా, మేడమ్. రక్త పరీక్షల ల్యాబ్‌ల ఏడేండ్ల నుంచి టెక్నీషియన్‌ని. ప్రసూతి సెలవు అయిపోయిందని డ్యూటీకి పోతే, నువ్వు రాజీనామా చేసినవ్ గదా అంటున్నరు. నేను రాయలే. కానీ దాని మీద సంతకం నాదే!"

"నీదేనా?" అన్నాడు అసిస్టెంట్ సూరి, నోరు తెరిచి.

"నాదే అన్నా. మా ఇంట్ల నౌకరీకి పోయిన మొదటి ఆడపిల్లను నేను. ఇది పోతే మా చెల్లెండ్లను సుత గడప దాటనియ్యరు."

రాజ్యం ముప్పై ఏళ్లు కార్మిక శాఖలో గుమాస్తాగా పనిచేసిన మనిషి. వెంటనే చెప్పులు తొడుక్కుంది.

ల్యాబ్ యజమాని రామభద్రరావు మర్యాదగానే రాజీనామా పత్రం చూపించాడు. "రిసెప్షన్ ట్రేలో ఉందండీ. మేమేం బలవంతం చేయలేదు. ఏమ్మా, బాబు కులాసాయేనా?"

రాజ్యం పత్రం చదివింది: 'పాపను చూసుకునే మా అత్తగారు జారిపడి మంచం పట్టారు. ఇక ఉద్యోగం చేయలేను.' టైపు చేసిన ఆ నాలుగు వరుసల కింద సగం కాగితం ఖాళీ. సంతకం ఎక్కడో అట్టడుగున, కుడి మూలన ఉంది. ఆ పత్రాన్ని మామూలు తెల్లకాగితం మీద పెట్టి చూస్తే రెండంగుళాలు పొట్టి.

ఖుష్నుమా సీట్లో ఆర్నెల్లుగా పనిచేస్తున్న టెంపరరీ అమ్మాయి పూజిత. విజయనగరం వైపు పిల్ల. ఏసీ గదిలోనూ చెమట తుడుచుకుంటూ నిమ్మకాయ వాసన చూస్తోంది.

"అక్కే నాకు పని నేర్పిందండి. మొన్న ఆళ్లింటికెల్లి పాపకి గౌను కూడా ఇచ్చొచ్చేనండి" అంది తల వంచుకుని.

మెట్ల మీద రాజ్యం అడిగింది: "ఖాళీ కాగితాల మీద ఎప్పుడైనా సంతకం పెట్టావా?"

ఖుష్నుమా మొహం పాలిపోయింది. "సెలవుకు పోయేముందు ఇరవై లెటర్‌హెడ్ల మీద పెట్టిన. రిపోర్టులు ఆగొద్దని మా దగ్గర అందరం గట్లనే చేస్తం. అల్మరాల ఉంటయి. అందరికీ తెలుసు."

"యజమానే కదండీ దొంగ?" అని గుసగుసలాడాడు సూరి. రాజ్యం తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం అందరినీ శాంపిళ్ల గదిలో కూర్చోబెట్టింది.

"రిపోర్టు కింద సంతకం పెట్టే చోటే ఈ సంతకమూ ఉంది. పైనున్న ల్యాబ్ పేరు కత్తిరించేశారు. అందుకే కాగితం పొట్టి. రాసింది ఈయన కాదు. పుట్టింది పాపో బాబో కూడా ఈయనకు తెలీదు. ఖుష్నుమా, అత్తగారు పడ్డ సంగతి ఎవరికి చెప్పావు?"

"ఇంటికి వచ్చింది పూజిత ఒక్కతే, మేడమ్."

పూజిత ఏడ్చేసింది. "అక్కొచ్చేస్తే నన్ను పంపించేస్తారండి. నాకు అయిదో నెల. టెంపరరీ వోళ్లకి సెలవులుండవని అందరూ అన్నారండి."

రాజ్యం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఏడాదిలో ఎనభై రోజులు పనిచేస్తే చాలు, టెంపరరీ వాళ్లకైనా ఆ హక్కు ఉంటుంది. నీకది ఎప్పుడో వచ్చేసింది తల్లీ. ఈ కాగితం పుట్టకపోతే నీ దరఖాస్తు నేనే రాసిచ్చేదాన్ని."

"ఎవరూ చెప్పలేదండి."

"చెప్పాల్సినాయన ఇక్కడే ఉన్నారు. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని తీసెయ్యకూడదని ఆయనకు తెలుసు. అందుకే ఏడేళ్ల ఉద్యోగినికి ఒక్క ఫోన్ చేయకుండా ఈ కాగితం పుచ్చుకున్నారు."

రామభద్రరావు ఖుష్నుమా వైపు తిరిగాడు. "రేపట్నుంచి నీ సీటు నీదేనమ్మా. పూజితా, నువ్విక రావద్దు." పూజిత ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచింది. ఆయన ఖుష్నుమా ముందుకు ఒక తెల్లకాగితం జరిపాడు. "ఆ పిల్ల మీద పోలీస్ కంప్లైంట్ ఇద్దాం. కింద సంతకం పెట్టు, మిగతాది మేం టైప్ చేయించుకుంటాం."

ఖుష్నుమా పెన్ను అందుకుంది. ఖాళీ కాగితాన్ని చూసి, మూత పెట్టేసింది.

"ముందు రాయుండ్రి సార్. చదివినంక, పెట్టాల్నో వద్దో నేను చూసుకుంట."

పూజిత కూర్చున్న చోట నిమ్మకాయ ఉండిపోయింది. ఖుష్నుమా దాన్ని పిడికిట్లో పట్టుకుని, పాపను చంకనేసుకుని, గబగబా మెట్లు దిగింది. అప్పటికే పూజిత ఎక్కిన బస్సు బోయిన్‌పల్లి వైపు తిరిగిపోయింది.