ముల్లు కింద గొంతు

“ఇందులో ఒక్క కాగితం కూడా గడప దాటదు. ఒక్క పాఠకుణ్ణి కూడా గడప బయట నిలబెట్టం.”

గ్రంథాలయం వెనక గదిని ప్రారంభించిన రోజు కార్యదర్శిగారు మైకు పట్టుకుని అన్న మాటలివి. జన్మంతా పాత సంగీత పత్రికలు ఏరుకున్న ఒక ముసలాయన తన సేకరణ మొత్తం ఊరికి రాసిచ్చేసిన రోజది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనైతే లేచి నిలబడి కొట్టాను. ‘ప్రజల సంపద ప్రజలకే!’ అని గొంతు చించుకున్నది కూడా నేనే.

ముసలాయన పోయాడు. నెల తిరక్కుండా గదికి తాళం పడింది. తాళం వెనకే చెడ్డపేరూ వచ్చింది.

చీకటి పడితే లోపల ఎవరో మూలుగుతారట. ఊడ్చే ఆవిడ పని మానేసింది. పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు ఆ వైపు కిటికీ దగ్గర కూర్చోవడం మానేశారు. శాస్త్రీయ దృక్పథం గురించి గోడ మీద అంత పెద్ద అక్షరాలతో రాసుకున్న గ్రంథాలయంలో — దెయ్యం!

నేను నవ్వాను. మా వదిన నవ్వలేదు.

వదిన లెక్కల టీచరు. పాత సంగీత పత్రికలంటే ఆమెకు ప్రాణం. చిత్తుకాగితాల కొట్లలో, మూతపడ్డ స్టూడియోల్లో, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గుమ్మం ముందు పడేసిన అట్టపెట్టెల్లో వెతుకుతుంది. పత్రిక చేతికి రాగానే అందరిలా ముఖచిత్రం చూడదు. వెన్ను పట్టుకుని నడిమి పేజీ తడుముతుంది. ఎందుకంటే, ఆ రోజుల్లో ఒక పత్రిక కొన్ని సంచికల మధ్యలో పల్చటి ప్లాస్టిక్ రికార్డు ఒకటి కుట్టి ఇచ్చేది. చింపి, ప్లేయర్ మీద వేసుకుని వినడమే.

అలాంటి ఒక రికార్డు మీద వాళ్లమ్మ పాడింది. పెళ్లికి ముందు, ఆ పత్రిక పెట్టిన పోటీలో గెలిచి. వదిన ఊయల్లో ఉండగానే ఆవిడ పోయింది. ఫొటోలు ఉన్నాయి, చీరలు ఉన్నాయి. గొంతే లేదు.

ఆ సంచిక వదినకు మూడుసార్లు దొరికింది. మూడింట్లోనూ నడిమి పేజీ దగ్గర చిరిగిన అంచే మిగిలింది.

“మా బీరువాలో అత్తగార్లు ముగ్గురున్నారు,” అంటాడు అన్నయ్య. “ఒక్కరూ నోరు విప్పరు. నా అంత అదృష్టవంతుడు ఎవడుంటాడు?”

వదిన అతని వీపు మీద ఒక్కటి వేసి తనూ నవ్వేది. కానీ ఆ రాత్రి చాలాసేపు బీరువా ముందే కూర్చునేది.

ముసలాయన దగ్గరున్న సంచికలో మాత్రం రికార్డు భద్రంగా ఉంది. ఆయనే చెప్పాడు. “చింపలేదమ్మా. గది తెరిచాక వచ్చి నీ ఇష్టమొచ్చినంతసేపు విను.” వదిన అర్జీ పెట్టింది. మరమ్మతులన్నారు. మళ్లీ పెట్టింది. మళ్లీ మరమ్మతులే. ఆ గదిలో మేకు కొట్టిన చప్పుడైనా ఎవరూ వినలేదు.

చివరికి ఒక రాత్రి, గ్రంథాలయం మూసే వేళకు, తనే వెళ్లింది. అక్కడ జరిగింది తను చెప్పినట్టే చెబుతున్నాను.

వరండా చివర వాచ్‌మన్ ఆపాడు.

“అటు పోకు టీచరమ్మా.”

“ఏముంది బాబాయ్ అక్కడ?”

“ఆడమనిషే... మొదట్లో. ఎప్పుడూ ఒకే చోట ఎత్తుకుంటుంది. ఆ తర్వాత గొంతు సాగుతుంది. సాగి సాగి... మగగొంతవుతుంది. ఆనక అదీ కాదు.”

“నువ్వు రా, ఇద్దరం చూద్దాం.”

“నాకు పిల్లలున్నారమ్మా.”

“నాకు మాత్రం లేరా?”

“నీకు మొగుడున్నాడు కదా, చూసుకుంటాడు,” అని ఆయన టార్చి మాత్రం గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడట.

వదిన ముందుకు నడిచింది. అప్పుడు వినిపించింది —

ఊ...ఊ... అంటూ, నూతిలోంచి తోడుతున్నట్టు. ఏదో మాట మొదలవుతోంది, పూర్తి కావడం లేదు. ఒక్క క్షణం తనకూ దెయ్యమే అనిపించిందట. అయినా చెవి ఒప్పుకోలేదు. ఆ మూలుగుకు తాళం ఉంది. దెయ్యం తాళం తప్పకుండా ఏడుస్తుందా?

తాళంకప్ప గట్టిదే. తలుపు చెక్కే పుచ్చిపోయింది. భుజంతో తోస్తే కొండీతో సహా ఊడి వచ్చింది.

లోపల బల్ల మీద చిన్న కరెంటు దీపం. దాని పక్కన ప్లేయర్. మనిషి లేడు. పళ్లెం తిరుగుతోంది. దాని మీద పల్చటి రికార్డు మాత్రం దానితో సమంగా తిరగడం లేదు... జారుతోంది.

అంతే, వదినకు అర్థమైపోయింది. ఆ రికార్డులకు బరువుండదు. ప్లేయర్ ముల్లు ఆనగానే కింది పళ్లెం ఒకలా, పైన రికార్డు ఒకలా తిరుగుతాయి. పాట సాగిపోతుంది. అందుకే సేకరించేవాళ్లు దాని మధ్యలో ఒక చిల్లర బిళ్ల పెడతారు. ఇక్కడ వింటున్నదెవరో గానీ, ఆ సంగతి తెలియదు.

పర్సు తీసింది. రికార్డు నడుమ వాళ్లమ్మ పేరు అచ్చై ఉంది. బిళ్ల పెట్టింది.

గొంతు లేచింది. మగగొంతులోంచి ఆడగొంతు... ఆ ఆడగొంతులోంచి పందొమ్మిదేళ్ల పిల్ల.

“శ్రుతి కాస్త ఎక్కువే పెట్టుకుంది మా అమ్మ,” అంది వదిన నాకు చెబుతూ. నవ్వుతూనే అంది. నేనే ముఖం తిప్పుకున్నాను.

రెండో చరణంలో బరబర మొదలైంది. ఆ ప్లాస్టిక్ మెత్తన. ముల్లు తిరిగినప్పుడల్లా అరుగుతుంది. ఇంకొన్నాళ్లు ఇలాగే వేస్తే బరబర తప్ప ఏమీ మిగలదు. ముల్లు ఎత్తాలని వదిన చెయ్యి చాపింది —

దీపం ఆరింది.

పళ్లెం మందగించింది. చీకట్లో వాళ్లమ్మ గొంతు మళ్లీ కిందికి... ఇంకా కిందికి... దిగి, ఆగిపోయింది.

తన చేతిని రాసుకుంటూ ఇంకో చెయ్యి వెళ్లింది.

“బాబాయ్!”

వాచ్‌మన్ పరుగున వచ్చి టార్చి వేశాడు. పళ్లెం మీద బిళ్ల ఉంది. రికార్డు లేదు. బల్ల చివర కప్పులో టీ, ఇంకా ఆవిరి లేస్తోంది. గది వెనక, కార్యదర్శిగారి ఆఫీసులోకి తెరుచుకునే తలుపుకు అవతల... గడియ పడిన చప్పుడు.

మర్నాడు నేను కార్యదర్శిగారి ముందు నిలబడ్డాను.

“ఆ గదిలోకి ఎవరూ వెళ్లరు బాబూ. చెప్పుకోవడానికి బాగోదు గానీ, అక్కడ ఏదో ఉంది.”

“టీ తాగే ఏదోనా సార్?”

“నువ్వు చదువుకున్నవాడివి. వెటకారం దేనికి? అసలలాంటి సంచిక మా దగ్గర లేదు.”

ఆ వారమే గదికి ఇనుప తలుపు వచ్చింది. మరమ్మతులంటే ఇవే కాబోలు.

కార్యదర్శిగారూ, మీకు ఆ గొంతు ఇష్టమై ఉండొచ్చు. కాదనను. కానీ ఊరందరినీ దెయ్యం పేరుతో తరిమేసి, తలుపేసుకుని ఒక్కరే ప్రేమించడాన్ని కబ్జా అంటారు. పొలాన్నైనా, పాటనైనా.

నిన్న రాత్రి వాచ్‌మన్ ఇంటికొచ్చి చెప్పాడు. మళ్లీ వినిపించిందట. ఈసారి సాగలేదట. మొదటి నుంచి చివరిదాకా శుభ్రంగా పాడిందట. అయ్యాక, మళ్లీ మొదటి నుంచి. ఆ తర్వాత ఇంకోసారి.

వదిన విని లేచి వెళ్లి బీరువా తలుపుకు ఆనుకుని నిలబడింది.

అందుకే ఇలా అచ్చులో అడుగుతున్నాను. లోపల ఉన్నది మనిషైతే ఆ రికార్డు తెచ్చి మా వదిన చేతికివ్వండి. ఒక్కసారి కాపీ తీసుకుని తిరిగిచ్చేస్తుంది. దెయ్యమే అయితే, ఆ మాట సంతకం పెట్టి రాసివ్వండి. జవాబు మార్చి పదిహేను సాయంత్రానికల్లా రావాలి.

అప్పటిదాకా ముల్లు దించకండి.