టిక్కుమన్న మీట

పై గదిలో తమ్ముడు డుచ్చో ఫోను మోగినప్పుడు అసుంతా షెడ్డులో కూర్చుని చక్రానికి ఊచలు అల్లుతోంది. మరుక్షణమే డుచ్చో రెండేసి మెట్లు దూకుతూ దిగివచ్చాడు. వెనకే అతని చొక్కా తొడుక్కుని, కాఫీ కప్పు ఒలక్కుండా పట్టుకుని నీవెస్. వాళ్ల పెళ్లయి నాలుగు నెలలే అయింది.

"వచ్చాయక్కా! పాత సైకిళ్ల యాత్రకి లాటరీలో మన పేర్లు వచ్చాయి. రెండూ!"

సియెనా కొండల తెల్లమట్టి దారుల్లో ఏటా అక్టోబరులో జరిగే ఆ యాత్రే ఆ ఇంటికి పెద్ద పండగ. 1987కి ముందు తయారైన సైకిళ్లకే ప్రవేశం. బిగించిన ప్రతి భాగమూ ఆ కాలానిదే అయి ఉండాలి. నాన్న పోయినప్పటినుంచి పదకొండేళ్లుగా అక్కాతమ్ముళ్లు పక్కపక్కనే తొక్కుతున్నారు.

"అయితే నా సైకిలు కొక్కెం మీంచి దింపు. గొలుసు మార్చాలి" అంది అసుంతా, నవ్వు ఆపుకోలేక.

డుచ్చో నెత్తి గోక్కున్నాడు. "రెండంటే... నాదీ, నీవెస్‌దీ. పోయినేడు నువ్వే అన్నావుగా, ఇదే ఆఖరు, ఇంక నా మోకాళ్లు సాగవని. అందుకే నీ పేరు వేయలేదు. నీ నీలం సైకిలు కూడా తనకి సరిగ్గా సరిపోతుంది. అడుగుదామనే..."

అసుంతా ఆ మాట ఏటా అనేది. ఆఖరి ఎత్తు ఎక్కగానే రొప్పుతూ అనేది, యాత్ర చివర పంచే బీన్సు సూపు కడుపులో పడగానే మరిచిపోయేది. ఆ సంగతి డుచ్చోకి తెలియదా?

"తీసుకో. నాకెందుకింక?" అంది, ఊచ మీంచి చూపు తిప్పకుండా.

ఆ నీలం రంగు నాన్న స్వయంగా వేసింది. దాన్నిప్పుడు నీవెస్ కోసం అసుంతాయే విప్పి, కడిగి, మళ్లీ బిగించాలి. పెడలుకి కొత్త తోలు పట్టీ వేస్తే "అబ్బ, బుల్లి బెల్టు!" అని నీవెస్ చప్పట్లు కొట్టింది. హ్యాండిలు కొసన బిరడా పెడితే దానికీ మురిసిపోయింది. అన్నీ ముద్దే ఆ పిల్లకి. వాకిట్లో డుచ్చో సీటు పట్టుకుని ఆమె వెంట పరిగెత్తేవాడు, ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. ఆ నవ్వు వినబడినప్పుడల్లా అసుంతా చేతిలో ఊచ అవసరానికి మించి ఒక చుట్టు బిగిసేది. ఇంట్లో కాఫీ కాచే చిన్న లోహపు కుండ ఇద్దరికే సరిపడేది. ఇన్నాళ్లూ ఆ ఇద్దరూ తనూ తమ్ముడూ. ఇప్పుడు పొద్దున్నే కిందికి వచ్చేసరికి కుండ ఖాళీగా, వెచ్చగా ఉంటోంది.

ఆ వెచ్చని ఖాళీ కుండ ముట్టుకున్న ఒక పొద్దున ఆమెకి ఆ బుద్ధి పుట్టింది. పాత గేరు మీటలు మెత్తగా జారతాయి, చప్పుడుండదు. తర్వాతి కాలంలో వచ్చినవి లాగితే టిక్కుమంటాయి. చూడ్డానికి రెండూ ఒకటే. యాత్ర ముందురోజు సైకిళ్లు పరీక్షించే పెద్దాయన మీట ఒక్కసారి లాగితే చాలు, ఆ సైకిలు గేటు బయటే. అసుంతా వెనక అరలోని రేకుడబ్బా తీసింది. అందులోంచి టిక్కుమనే జత ఏరి నీలం సైకిలుకి బిగించింది.

యాత్ర ఆదివారం. శుక్రవారం సాయంత్రం భోజనాల వేళకి నీవెస్ వాకిట్లో తొక్కి ఎర్రబడ్డ చెంపలతో సైకిలు నేరుగా వంటింట్లోకే తోసుకొచ్చింది.

"వదినా, నువ్వేం చేశావో గాని, ఇదిగో విను!" అని మీట లాగింది. టిక్. టిక్. టిక్. "మిడత పలికినట్టు లేదూ? డుచ్చో సైకిలు ఇలా పలకదు. నాకు మాత్రమే పెట్టావు కదూ!"

డుచ్చో చేతిలో రొట్టెముక్క ఆగిపోయింది. లేచి తనూ ఒకసారి లాగి చూశాడు.

"అక్కా, ఇవేంటి?"

"మీటలు."

"కళ్లు మూసుకుని వేలితో తడిమి ఏ ఏటివో చెప్తావు నువ్వు. పొరపాటని మాత్రం చెప్పకు."

"పొరపాటు కాదు" అంది అసుంతా. గొంతు పైకి లేచింది. "రేపు పరీక్షలో వెనక్కి పంపాలనే పెట్టాను! నన్ను అడిగావా? పదకొండేళ్లు నీ పక్కన మట్టి మింగాను. నా చోటు, నాన్న వేసిన రంగు, రెండూ ఒక్క పొద్దున్న ఎత్తి ఇచ్చేశావు!"

"నువ్వే అన్నావుగా ఆఖరని!"

"నేనెప్పుడు అనలేదురా? ఏటా అంటాను! ఈసారే నమ్మబుద్ధయిందా నీకు?"

"నమ్మితే నాకు వీలుగా ఉంది" అన్నాడు డుచ్చో, తలొంచుకుని.

నీవెస్ మీట మీంచి చేయి తీసింది. కళ్లనిండా నీళ్లు.

"వదినా, నాకు కొండలెక్కడం రాదు. పది కిలోమీటర్లకే కాళ్లు పీకుతాయి. అయినా వెళ్తానన్నాను, ఎందుకో తెలుసా? భోజనాల దగ్గర మీరిద్దరూ గేరు పళ్ల లెక్కలూ మరల లెక్కలూ మాట్లాడుకుంటుంటే, నేను చుట్టంలా సూపు తాగుతూ కూర్చుంటాను. మిమ్మల్ని చూస్తే కుళ్లు నాకు. ఈ చప్పుడు విని, వదిన నన్ను కలుపుకుందనుకున్నాను."

తను కుళ్లుకున్న పిల్ల తనని చూసే కుళ్లుకుందా? అసుంతాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, ఏడుపే ముందు బయటపడింది. గ్రీజు చేతులతోనే మరదల్ని దగ్గరికి లాక్కుంది. "ఎంత పాపిష్టి పని చేశానే! నువ్వేమో మిడత అంటున్నావు."

"తన ఒంటిమీది చొక్కా నాదే, మసి చేసెయ్యి" అని గొణిగాడు డుచ్చో. ఎవరూ పట్టించుకోలేదు.

అతనే మళ్లీ అందుకున్నాడు. "రేపు మధ్యాహ్నం దాకా పేరు మార్చుకోవచ్చు. నా చోటు అక్కకి. నా సైకిలు సీటు అక్కకి ఎత్తవుతుంది. దించుతా. నేను సూపు పంచే చోట గరిటె పట్టుకుంటాను."

"నువ్వు గరిటెకే సరిపోతావులే" అంది అసుంతా, ముక్కు తుడుచుకుంటూ. షెడ్డులోంచి రేకుడబ్బా తెచ్చి, విప్పి దాచిన పాత మీటలు తీసి నీవెస్ అరచేతిలో పెట్టింది. "వీటికి చప్పుడుండదు పిల్లా. ఎక్కడ ఆపాలో వేలికే తెలియాలి. రేపు పొద్దున్న ఆరింటికి లే. ముందు ముగ్గురికి సరిపడే కాఫీ కుండ పక్కింట్లో అడిగి తెద్దాం. తాగాక ఇవి నీ చేత్తో నువ్వే బిగిస్తావు. ఎల్లుండి ఆ ఆఖరి ఎత్తు దాకా నీకు నేను తొక్కడం నేర్పిస్తాను."