సాగనంపే పాట

మగ్దలేనకు తట్టు పోసి ఆరో రోజు. ఒళ్ళంతా ఎర్రబడి, ఊపిరి ఈలలా వస్తోంది. పొద్దున్నే వచ్చిన వైద్యుడు తల్లి ఒటీలియా మొహం చూడకుండానే కోట దిగి వెళ్ళిపోయాడు. కాసేపటికి మెట్ల మీద బూట్ల చప్పుడైంది. చర్చి పాటగాళ్ళు ఆరుగురు వచ్చి గది బయట వరసగా నిలబడ్డారు. పిలిపించింది ఒటీలియా అత్తగారు, పెద్ద దొరసాని.

ప్రాణం పోయేవాళ్ళ మంచం దగ్గర పాట పాడి సాగనంపడం జర్మనీలోని ఆ తురింగియా కొండల్లో ఆచారం. ఏ పాట విన్నారో, ఎంత ధైర్యంగా పోయారో పాదిరిగారు రాసుకుంటారు. తర్వాత దాన్ని అచ్చు వేసి చుట్టాలందరికీ పంచుతారు. ఏడేళ్ళుగా అక్కడ పాడుతున్నది ఒటీలియా పాటే. భర్త పోయే రోజున ఆయన తల పక్కన కూర్చుని కట్టింది. 'తలుపు తీసే ఉంది, భయం లేదు నాకు' అని మొదలవుతుంది.

పిల్ల కళ్ళు తెరిచింది.

"అమ్మా, ఆ పాట వద్దు. నాన్నకి పాడారు, పోయాడు. వంటామెకి పాడారు, పోయింది. నాకు భయమేస్తోందమ్మా..."

తొమ్మిదేళ్ళ పిల్ల. తల్లి చెయ్యి వదలడం లేదు.

"పాడించవే," అంది కిటికీ దగ్గర నిలబడ్డ అత్తగారు. "బట్టలుతికేవాళ్ళు కూడా నీ పాట వింటూ దొరల్లా పోతున్నారు. నీ కూతురు దగ్గరికొచ్చేసరికి గొంతు పడిపోయిందా? రాసినామెకే నమ్మకం లేదంటారు రేపు."

ఆ మాట ఒటీలియా గుండెలో గుచ్చుకుంది. ఎంతమంది ఆ పాట పట్టుకుని కళ్ళు మూశారో... ఇప్పుడు తను కాదంటే వాళ్ళందరికీ ద్రోహం చేసినట్టేనా... లేచి తలుపు దాకా వెళ్ళింది. పిల్ల వెక్కుతోంది.

"మీరు ఇళ్ళకు వెళ్ళండి," అని పాటగాళ్ళతో చెప్పి తలుపు మూసేసింది.

వచ్చి పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

"నేను చచ్చిపోతానా అమ్మా?"

"అవును తల్లీ."

"నువ్వు కూడా వస్తావా?"

"ఇప్పుడు రాలేనమ్మా."

పిల్ల ఏడ్చింది. తల్లీ ఏడ్చింది. మధ్యాహ్నం గంట కొట్టకముందే పిల్ల ఊపిరి ఆగిపోయింది.

పొద్దుటి నుంచీ గది మూలన కూర్చున్న పాదిరిగారు కాగితం తీశారు. "దొరసానీ, పాట వింటూ నవ్వుతూ పోయిందని రాయనా?"

"వద్దండీ. ఏడ్చింది. భయపడింది. నన్ను వదలనంది. అదే రాయండి."

పాదిరిగారు కలం పట్టుకుని పెద్ద దొరసాని వైపు చూశారు. నలుగురు పిల్లల్ని సాగనంపిన మనిషి ఆమె. నలుగురి చావులూ అచ్చులో ఉన్నాయి. ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుందనుకున్నారు.

ఆవిడ వచ్చి మంచం చివర కూర్చుంది. మనవరాలి పాదాలు దుప్పటిలో కప్పింది.

"నా నలుగురూ నవ్వుతూ పోయారని నేనే రాయించాను," అంది. "చిన్నవాడు నా మెడ వదల్లేదు. చేతులు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది..."

పాదిరిగారి వైపు తిరిగింది.

"కోడలు చెప్పినట్టే రాయండి," అంది.