అంచు దిక్కుకు సాగిన అక్షరాలు

పొద్దున ఆరు గంటలకే కర్దనూర్‌లో లింగం ఇంటి ముందు నాలుగు సైకిళ్లు ఆగాయి. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టుకు పోయే మనుషులు. లింగం భార్య దేవమ్మ పెట్టే చాయ్ కోసం ఆగారనుకుంటే పొరపాటు. లింగం దగ్గరున్న రూపాయి బిళ్ల చూడటానికి వచ్చారు. ఆ బిళ్ల మీద అక్షరాలకు పక్కనే నీడలాగా ఇంకో గీత ఉంటుంది. టంకశాలలో తప్పు జరిగి అచ్చు రెండుసార్లు పడిందనీ, అట్లాంటివి లక్షలో ఒకటి కూడా ఉండవనీ లింగం ఏడాదిగా చెప్తున్నాడు. ఆ ఏడాదిలో వాడకట్టులో అతని మాటకు విలువ పెరిగింది. నడకలో కూడా కొంచెం తేడా వచ్చింది.

"ఆ బిల్లను తుడిసినన్ని సార్లు ముఖం గూడ కడుక్కోడు మీ అన్న," అంటూ దేవమ్మ చాయ్ గ్లాసులు పెట్టింది.

అందరూ నవ్వారు. ఫ్యాక్టరీలో లింగం పక్కనున్న ప్రెస్ మెషిన్ మీద పనిచేసే చిన్నరాములు భూతద్దంతో బిళ్లను తిప్పి తిప్పి చూసి, గడపలో నిలబడ్డ లింగం కూతురు కమలాకుమారికి అందించాడు. "నువ్వు సూడు బిడ్డా. నీకు డైలు చేసే చదువుల సీటొచ్చిందంట గద!"

కమలకు పదిహేడేళ్లు. బాలానగర్‌లో డైమేకింగ్, అంటే ప్రెస్‌లో బిగించే అచ్చులు చేసే పని, నేర్పే డిప్లొమాలో సీటు వచ్చి అప్పటికి మూడు రోజులు. వచ్చే సోమవారం లోపల తండ్రి సంతకంతో కాగితం ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ పిల్ల బిళ్లను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. నోరు మూసుకుని తిరిగి ఇచ్చేస్తే ఈ కథే లేదు.

"నాయినా, ఇది తప్పు పడ్డ బిల్ల గాదు. అచ్చు అరిగింది."

"ఏంది?" అన్నాడు లింగం.

"అచ్చు నిజంగ రెండుసార్లు పడితే అక్షరాలన్నీ ఒక్క దిక్కే జరగాలె గద. ఈడ పైనున్నయి పైకి, కిందున్నయి కిందికి సాగినయి. అన్నీ అంచు దిక్కే పోయినయి. కొట్టీ కొట్టీ అచ్చు అరిగితే గిట్లయితది. మొన్న నువ్వు తెచ్చిన ఖరాబు నేమ్‌ప్లేటు గూడ గిట్లనే ఉండె."

లింగం పనిచేసేది మోటార్లకు బిగించే నేమ్‌ప్లేట్లు కొట్టే ప్రెస్ మీద. డై అరిగి అక్షరాలు పరుచుకున్న ప్లేటును పది అడుగుల దూరం నుంచే పట్టి పక్కకు విసిరేస్తాడు. అట్లాంటి మనిషి తన జేబులో బిళ్లను మాత్రం ఏడాదిపాటు గుర్తుపట్టలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు.

"లింగమన్నా, రేపటి సంది ప్రెస్ మీద నీ బిడ్డనే నిలబెట్టు!" అన్నాడు చిన్నరాములు. నలుగురూ పగలబడి నవ్వుతూ సైకిళ్లెక్కారు. లింగం కూడా నవ్వాడు. పెదవులతో మాత్రమే.

కోపమైతే సాయంత్రానికి దిగిపోయేది. అది కోపం కాదు, కుళ్లు. ఇరవై రెండేళ్లుగా అతను అరిగిన డైలను మోసుకెళ్లి, డైలు తయారుచేసే టూల్‌రూమ్ గుమ్మం దగ్గర ఇచ్చి వస్తున్నాడు. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. లోపల పని నేర్పమని రెండుసార్లు అర్జీ పెట్టుకుంటే, ఏడో తరగతి చదువుకు ఆ పని రాదన్నారు. ఆ గుమ్మం ఇప్పుడు తన బిడ్డకు తెరుచుకుంటోంది. ఆ పిల్ల చదువు ఇంకా మొదలే కాలేదు, అప్పుడే తండ్రి తప్పు పట్టింది. అదీ నలుగురి ముందు.

ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో ఎవడో ఒకడు ప్లేటు పైకెత్తి "ఇది మంచిదో ఖరాబో నీ బిడ్డనడిగి రాపో అన్నా" అనడం మొదలుపెట్టాడు. లింగం అన్నం సగంలో లేచిపోయేవాడు. ఇంటికొచ్చాక కమల కాగితం ముందు పెడితే "సూద్దాం తియ్" అనేవాడు. శనివారం వచ్చినా సంతకం పడలేదు.

ఆ సాయంత్రం దేవమ్మ ఇక ఊరుకోలేదు. "సంతకం ఎందుకు పెడుతలేవు?"

"ఆడిపిల్లకు ఇనుము పని ఎందుకే? టీచరు ట్రెయినింగు చెయ్యమను."

"సీటొచ్చిన్నాడు ఆడిపిల్ల గాదా? వాడంత తిరిగి పేడాలు పంచితివి గద! ఇయ్యాల ఆడిపిల్ల అయిందా?"

"ఎక్కువ మాట్లాడకు."

"మాట్లాడుత. నీకు కుళ్లయ్యా! ఊర్ల ఎవలి పిల్లలు పైకొచ్చినా శభాష్ అంటవు. కన్నబిడ్డ నీకంటె ఒక్క మెట్టు ఎక్కుతాంటె కండ్లల్ల కారం కొట్టినట్టయితాంది నీకు!"

లింగం చాయ్ గ్లాసు విసిరికొట్టాడు. కమల లోపలి నుంచి వచ్చి గాజు ముక్కలు ఏరసాగింది. అది చూసి అతనికి ఇంకా మండింది.

"రేపు పట్నం పోదాం," అన్నాడు. "సుల్తాన్‌బజార్ల సోమయ్య అని నలభై ఏండ్ల సంది బిల్లలు సూసినాయన ఉన్నడు. అచ్చు అరిగిందని ఆయన అంటె సంతకం పెడుత. తప్పు పడ్డ బిల్లే అన్నడా, ఇగ ఈ ఇంట్ల డైల మాట ఎత్తొద్దు."

"సరే నాయినా," అంది కమల.

నిజం చెప్పాలంటే అప్పటికే అతను భూతద్దంతో బిళ్లను మళ్లీ చూసుకున్నాడు. అక్షరాలన్నీ అంచు దిక్కే సాగి ఉన్నాయి. అయినా ఆ పెద్దమనిషి పొరపాటు పడితే బాగుండునని కోరుకున్నాడు. తన బిడ్డ ఓడిపోవాలని కోరుకున్నాడు. అంతదాకా వచ్చింది.

ఆదివారం ఇద్దరూ బస్సు దిగి, ఇరుకు మెట్లెక్కి సోమయ్య దుకాణం చేరారు. ఆయన బిళ్లను కంటికి దగ్గరగా పెట్టుకుని ఒక్కసారి తిప్పి, వెంటనే కింద పెట్టేశాడు.

"అరిగిన అచ్చు. గిసుంటియి దినాం నలుగురు తెస్తరు. ఏం పని చేస్తవ్ నువ్వు?"

"ప్రెస్ ఆపరేటర్‌ను," అన్నాడు లింగం.

"అరే! ప్రెస్ మీద పని చేస్కుంట గీ సంగతి తెల్వలేదా నీకు?"

అక్కడ కూర్చున్న ఇద్దరు గిరాకీలు తలలెత్తి చూశారు.

"తెలుసు సార్," అంది కమల చటుక్కున. "మా నాయిననే చెప్పిండు అచ్చు అరిగిందని. నేనే నమ్మక గుంజుకొచ్చిన."

సోమయ్య మెచ్చుకోలుగా లింగం వైపు చూశాడు. "శభాష్! బిల్లలు కొని అమ్మేటోళ్లు గూడ పట్టలేరు గీ తేడా." కమల వైపు తిరిగి, "పెద్దోళ్ల మాట వినాలె బిడ్డా," అన్నాడు. కమల తల వంచుకుని ఆ మందలింపును తన మీద వేసుకుంది.

ఇరవై రెండేళ్లుగా ఎవరి నోటి నుంచైనా లింగం వినాలనుకున్న మాట ఆ శభాష్. విన్నాక అతను గబగబా మెట్ల మీదికి వచ్చేశాడు. సగం దిగి ఆగి, వెనకాలే వస్తున్న బిడ్డ వైపు తిరిగాడు.

"గట్ల ఎందుకు చెప్పినవ్?"

"నలుగురి ముందట నిన్ను చిన్నజేసిన గద నాయినా ఆనాడు. ఇంట్లకు పిలిసి చెప్పాల్సింది."

"సరే. పందెం గెల్సినవ్. కాగితం తియ్, సంతకం పెడుత."

కమల సంచి గట్టిగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "వద్దు. ఓడిపోయిన్నని పెట్టే సంతకం నాకొద్దు నాయినా. సీటు పోతే పోనీ. నేను చదివినన్ని దినాలు నువ్వు నన్ను గట్ల సూస్తాంటె, ఆ చదువు నాకెందుకు?"

అంటే బిడ్డకు అంతా తెలుసు. తన కుళ్లు దేవమ్మకొక్కదానికే కనబడిందనుకున్నాడు. లింగం ఒక్కసారి కమల ముఖంలోకి చూసి, గిర్రున వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

"అయ్యా," అన్నాడు దుకాణం గుమ్మంలో నిలబడి. "నేను చెప్పలే. అంత అబద్ధం. ఏడాది సంది దగ్గరుంచుకున్న, నాకు తెల్వలే. ఒక్కసారి సూసి నా బిడ్డ చెప్పింది. నాకు పరువు పోయిందనిపించి దాని చదువు ఆపుదామనుకున్న." మాట పూర్తి కాకుండానే ఏడ్చేశాడు. గిరాకీలు చూస్తున్నారన్న సంగతి కూడా మరిచిపోయాడు.

సోమయ్య లేచి స్టూలు ముందుకు జరిపాడు. వెనకాలే వచ్చిన కమల తండ్రి భుజం పట్టుకుంది.

"పందెం మీద గాదు బిడ్డా," అన్నాడు లింగం, కండువాతో ముఖం తుడుచుకుని. "ఇప్పుడన్న పెట్టనియ్."

ఆ పిల్ల కాగితం తీసి గాజుబల్ల మీద పరిచింది. సోమయ్య పెన్ను ఇచ్చాడు. లింగం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాశాడు. చివరి అక్షరం కొంచెం పక్కకు జరిగింది.

"టూల్‌రూమ్ పని ఏమేం నేర్పుతరో నాకు గూడ జెర చెప్పు బిడ్డా. గుమ్మం దాంక పోయిన గని లోపట ఎట్లుంటదో నేను సూడలే," అన్నాడు.

"నేను చేసిన తొలి డైని నువ్వే ప్రెస్‌కెక్కియ్యాలె నాయినా," అంది కమల, ఏడుస్తూనే. "ఎంత మంచిగ చేసినా, నువ్వు కొట్టి బాగుందంటేనే నాకు నమ్మకం."

లింగం బిడ్డ తలను గుండెకు హత్తుకున్నాడు. సోమయ్య దుకాణం కుర్రాణ్ణి కేకేసి, మూడు చాయ్‌లు తెమ్మన్నాడు.